కడుపులో గంట కొట్టేదెవరు?

మన హాస్టలు మెస్సులో మధ్యాహ్నం భోజనానికి గంట కొట్టేది పన్నెండున్నరకి. ఆ గంటకి చాలా ముందే వంటింటి వెనక ప్రహరీగోడ దగ్గరికి ఒక నల్లకుక్క వచ్చి కూర్చుంటుంది. దాని వెనకే కాకులు. ఎంగిలి మెతుకులు పారేసే తొట్టి అక్కడే వుంది మరి. ఒకరోజు వాచ్‌మన్‌ని అడిగితే, "దానికి టైము తెలుసు బాబూ. మీ చేతిగడియారం తప్పుతుందేమో గాని అది తప్పదు" అన్నాడు. వంటమాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. "టైమూ లేదు, గీమూ లేదు. పోపు వాసన తగిలితే మీరు మాత్రం పుస్తకాలు మూసేసి రారూ?" అని నవ్వాడు.

వీళ్లిద్దరిదీ పైకి కబుర్లాట లాగే కనిపిస్తుంది. కాని జంతుశాస్త్రంలో నూరేళ్లకి పైగా నడుస్తున్న తగాదా అచ్చంగా ఇదే. తిండి వేళ జంతువుకి ముందుగా ఎలా తెలుస్తుంది? బయటినుంచి వచ్చే వాసనలూ, చప్పుళ్లూ చెబుతాయా? లోపల ఆకలి పెరిగి పెరిగి చెబుతుందా? లేక నిజంగానే లోపలెక్కడో ఒక గడియారం వుండి, వేళ దగ్గర పడింది సుమా అని తట్టి లేపుతుందా? మూడు జవాబులూ నమ్మదగ్గవిగానే కనిపిస్తాయి. ఒకదాన్నుంచి ఒకదాన్ని విడదీయడంలోనే కష్టమంతా వుంది. ఆ విడదీసిన పద్ధతి తెలుసుకుంటే చాలు, జవాబు మరిచిపోయినా ఫరవాలేదు అని నా అభిప్రాయం. పరీక్షలకి చదివే మిత్రులు దీనితో ఏకీభవించకపోవచ్చు.

కథ తేనెటీగలతో మొదలవుతుంది. స్విట్జర్లండులో ఆగస్ట్ ఫోరెల్ అని ఒక వైద్యుడు వుండేవాడు. మానసిక వైద్యుడే గాని చీమల మీదా, తేనెటీగల మీదా ప్రాణం. వేసవిలో ఆయన ఇంటి ముందు వసారాలో ఉదయం ఫలహారం చేసేవారు. బల్లమీది జామ్ కోసం తేనెటీగలు వచ్చేవి. అందులో వింతేమీ లేదు. కాని బల్లమీద ఏమీ పెట్టని రోజుల్లో కూడా అదే వేళకి వచ్చి, ఖాళీ బల్ల చుట్టూ తిరిగి పోయేవి. వాసన లేదు, జామ్ లేదు, వేళ మాత్రం వుంది. 1910లో ఆయన ఈ సంగతి రాసి, తేనెటీగలకి కాలాన్ని గుర్తుపెట్టుకునే శక్తి వుండాలన్నాడు.

ఒక పెద్దమనిషి ఫలహారపు బల్ల దగ్గర చూసినది సాక్ష్యమే గాని రుజువు కాదు. రుజువు కోసం మ్యూనిక్‌లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ దగ్గర శిష్యురాలిగా వున్న ఇంగెబోర్గ్ బేలింగ్ పూనుకుంది. తేనెటీగలకి రంగు చుక్కలు పెట్టి గుర్తులు వేసి, రోజూ ఒకే వేళకి పంచదార నీళ్లు పెట్టింది. కొన్ని రోజులయ్యాక గిన్నె ఖాళీగా వుంచి, రోజంతా కూర్చుని వచ్చిన ఈగనల్లా రాసుకుంది. వచ్చినవి చాలావరకు ఆ అలవాటైన వేళ చుట్టూనే వచ్చాయి. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. 24 గంటలకి ఒకసారి పెడితే నేర్చుకున్న ఈగలు, 19 గంటలకి ఒకసారి పెడితే నేర్చుకోలేకపోయాయి. ఈ 19 గంటల మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. బేలింగ్ ఈ పనిని 1929లో ప్రకటించింది.

అయినా అనుమానం పోలేదు. సూర్యుడు ఎక్కడున్నాడో చూసి వస్తున్నాయేమో? గదిలో పెట్టినా, భూమి తిరగడంతో మారే మనకి తెలియని సూచన ఏదైనా వాటికి అందుతోందేమో? 1955లో మాక్స్ రెన్నర్ దీనికి చక్కని ఉపాయం ఆలోచించాడు. ప్యారిస్‌లో ఒక మూసిన గదిలో తేనెటీగలకి వేళ నేర్పి, రాత్రికి రాత్రే వాటిని విమానంలో న్యూయార్కుకి పట్టుకుపోయి, అచ్చంగా అలాంటి గదిలోనే వదిలాడు. అవి న్యూయార్కు వేళ చూసుకోలేదు. చివరిసారి తిన్నప్పటినుంచి 24 గంటలకి, అంటే ప్యారిస్ వేళకే, గిన్నె దగ్గరికి వచ్చాయి. సూచన బయట వుంటే సముద్రం దాటినప్పుడు మారాలి కదా. మారలేదు. విదేశాలకి వెళ్లిన మనవాళ్లకి అర్ధరాత్రి ఆకలేయడం కూడా చాలావరకు ఈ కోవలోదే.

ఇక ఎలుకలు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో కర్ట్ రిక్టర్ 1922లోనే ఒక విషయం కనిపెట్టాడు. ఎలుకకి రోజుకి ఒక్కసారే, ఒకే వేళకి తిండి పెడితే, ఆ వేళకి రెండు మూడు గంటల ముందునుంచే అది హడావిడి పడుతుంది. బోనులో పరుగుచక్రం వుంటే ఎక్కి తెగ పరిగెడుతుంది. ఈ లక్షణానికి శాస్త్రంలో పెద్ద పేరే వుంది గాని, ఈ వ్యాసంలో 'ముందస్తు హడావిడి' అనుకుందాం. చూసినవాడికి వెంటనే బోధపడే పేరు.

ఎలుక ఈ పనికి ఎందుకు బాగుంటుందంటే, అది రాత్రించర జంతువు. పగలు పడుకుని రాత్రి తిరుగుతుంది. దానికి పగలు, నడినిద్ర వేళలో, రెండు మూడు గంటలపాటు మాత్రమే తిండి అందేటట్టు చేస్తే, వారం తిరక్కుండానే పగలు తిండికి ముందు లేచి తిరగడం మొదలుపెడుతుంది. ఒంటి వేడి పెరుగుతుంది. రక్తంలో కార్టికోస్టిరోన్ అనే హార్మోను పెరుగుతుంది. మామూలుగా ఆ హార్మోను ఎలుక సాయంత్రం మేలుకునే ముందు పెరిగేది. అంటే లోపలి యంత్రాంగమంతా తిండి వేళకి సిద్ధపడుతోందన్నమాట.

ఇప్పుడు వంటమాస్టారి పక్షాన మాట్లాడదాం. ఎలుక ఆకలితో లేస్తోంది, అంతే, గడియారం ఎందుకు అంటాడాయన. తిన్నది అరిగేకొద్దీ కడుపు ఖాళీ అవుతుంది, ఒక హద్దు దాటాక ఎలుక లేస్తుంది. ఇది ఇసుక గడియారం లాంటిది. పైనుంచి ఇసుక కారిపోయేదాకా లెక్క, మళ్లీ ఎవరో తిప్పితే గాని పని చెయ్యదు. అసలైన గడియారం అలా కాదు. ఎవరూ తిప్పకపోయినా రేపు కూడా అదే వేళకి గంట కొడుతుంది. ఈ తేడాని పట్టుకుంటే పరీక్ష ఎలా పెట్టాలో తెలిసిపోతుంది.

మొదటి పరీక్ష. తిండికీ తిండికీ మధ్య దూరం మార్చడం. ఇసుక గడియారమైతే 19 గంటలైనా, 24 అయినా, 29 అయినా ఒక్కటే, ఖాళీ కడుపు ఖాళీ కడుపే. 1962లో బోల్స్, డి లార్జ్ అనే ఇద్దరు ఈ మూడు రకాలుగానూ ఎలుకలకి తిండి పెట్టి చూశారు. 24 గంటల ఎలుకలు వేళ పసిగట్టాయి. 19, 29 గంటల ఎలుకలు పసిగట్టలేదు. తేనెటీగల కథే మళ్లీ. తర్వాత చేసిన ప్రయోగాలలో తేలిందేమిటంటే, 24కి కాస్త అటూ ఇటూ, సుమారు 22 నుంచి 31 గంటల దాకా అయితే కొన్ని ఎలుకలు సర్దుకోగలవు, ఆ పైన చేతకాదు. సరిగ్గా 24 చుట్టూనే ఈ పట్టు ఎందుకుండాలి? లోపల సుమారు ఒక రోజు తిరుగుడు వున్న యంత్రం వుంటేనే అది సాధ్యం.

రెండవ పరీక్ష ఇంకా కఠినం. బాగా అలవాటు పడ్డ ఎలుకకి రెండు మూడు రోజులు తిండి అసలు పెట్టకుండా వుండడం. ఆకలే కారణమైతే హడావిడి ఒకసారి మొదలై తగ్గకుండా పెరుగుతూ పోవాలి. అలా జరగలేదు. పాత తిండి వేళకి పెరిగింది, ఆ వేళ దాటాక తగ్గింది, మర్నాడు దాదాపు అదే వేళకి మళ్లీ పెరిగింది. ఆకలి మర్నాటికి ఇంకా ఎక్కువయ్యే వుంటుంది. అయినా హడావిడి తగ్గి మళ్లీ వచ్చిందంటే, దాన్ని లేపేదీ పడుకోబెట్టేదీ ఆకలి ఒక్కటే కాదు. వాచ్‌మన్ గెలిచాడు. 1973లో బోల్స్, మూట్ మరో సంగతి చూపించారు. రోజుకి రెండు భోజనాలు పెడితే ఎలుక రెండింటికీ విడివిడిగా ముందు సిద్ధపడగలదు.

ఇంతవరకూ 'గడియారం వుంది' అన్నదే తేలింది. అది ఎక్కడుంది?

ఈ సుమారు 24 గంటల లయలకి 1959లో ఫ్రాంజ్ హాల్బెర్గ్ 'సర్కేడియన్' అని పేరు పెట్టాడు. లాటిన్‌లో సర్కా అంటే సుమారు, డియెస్ అంటే రోజు. ఆ 'సుమారు' అనడంలో నిజాయితీ వుంది. చీకటి గదిలో వదిలేస్తే జంతువుల గడియారం సరిగ్గా 24 గంటలు తిరగదు, కొంచెం ముందుకో వెనక్కో జరుగుతుంది. రోజూ వచ్చే వెలుతురు దాన్ని సరిచేస్తుంది, మనం రేడియో వార్తల వేళకి గడియారం ముల్లు సరిదిద్దుకున్నట్టు.

1972లో ఈ గడియారం చిరునామా దొరికింది. మెదడు అడుగున హైపోథలామస్‌లో, రెండు కళ్లనుంచి వచ్చే నరాలు ఒకదానినొకటి దాటుకునే కూడలికి సరిగ్గా పైన, మధ్యగీతకి అటొకటి ఇటొకటి చిన్న నాడీకణాల గుత్తులున్నాయి. ఒక్కొక్కదానిలో సుమారు 10,000 కణాలు. కూడలి పేరు కయాస్మా, దానిపైన వుంది కనుక సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. పేరు చూసి భయపడక్కర్లేదు, 'కూడలిపై గుత్తి' అంటే సరిపోతుంది. అదే సంవత్సరం రెండు జట్లు, ఒకవైపు మూర్, ఐక్లర్, మరోవైపు స్టెఫాన్, జూకర్, విడివిడిగా ఒకే సంగతి చెప్పారు. ఈ గుత్తుల్ని నాశనం చేస్తే ఎలుకల లయలు చెదిరిపోతాయి. ఎలుక తిరుగుతుంది, తాగుతుంది, కాని పగలూ రాత్రీ అన్న క్రమం లేకుండా, ఇరవైనాలుగు గంటల్లోనూ ముక్కలు ముక్కలుగా. హార్మోను లయ కూడా పోతుంది.

ఇంత స్పష్టంగా ఒక అవయవం దొరికాక, తిండి వేళ తెలిపేది కూడా ఇదే అయివుంటుందని ఎవరైనా అనుకుంటారు. ఆ అనుకోవడాన్ని పడగొట్టినది, 1972లో ఆ గుత్తిని పట్టుకున్న నలుగురిలో ఒకడైన ఫ్రీడ్రిక్ స్టెఫానే. 1979లో స్వాన్, సిస్క్ అనే మరి ఇద్దరితో కలిసి ఆయన చేసిన పని చూడండి. ఎలుకల మెదడులో ఆ గుత్తుల్ని తీసేశారు. లయలన్నీ పోయాయని నిర్ధారించుకున్నారు. ఆ తర్వాత రోజుకి ఒక్క వేళకే తిండి పెట్టారు. ఆ ఎలుకలకి ఇప్పుడు పగలేదో రాత్రేదో పట్టదు. అయినా తిండి వేళ దగ్గర పడేసరికి లేచి హడావిడి పడ్డాయి! తిండి మానేసిన రోజుల్లో కూడా ఆ వేళకి లేచాయి. 19 గంటల లాంటి దూరాలకి లేవలేకపోయాయి. అసలైన గడియారం గుణాలన్నీ వున్నాయి, పెద్ద గడియారం మాత్రం లేదు. అంతకు రెండేళ్ల ముందే డొరతీ క్రీగర్ బృందం, ఆ గుత్తులు లేని ఎలుకల్లో కూడా తిండి వేళని బట్టి కార్టికోస్టిరోన్ లయ తిరిగి వస్తుందని చూపించింది.

అంటే మెదడులోనో ఒంట్లోనో రెండవ గడియారం వుంది. మొదటిది వెలుతురుని చూసి ముల్లు దిద్దుకునేది, రెండవది తిండిని చూసి దిద్దుకునేది. తను కనిపెట్టినదాని హద్దు తనే వెతికి చూపించిన మనిషిని నేను ఎక్కువ గౌరవిస్తాను. మన పాఠ్యపుస్తకాల్లో చాలాచోట్ల 1972 దాకా చెప్పి ఆపేస్తారు, అది వేరే సంగతి.

రెండు గడియారాలు ఎందుకు అనిపించవచ్చు. వెలుతురు రోజూ ఒకే క్రమంలో వస్తుంది, తిండి అలా కాదు. పువ్వు ఏ వేళకి విచ్చుకుంటే తేనె ఆ వేళకి. వేటాడే జంతువుకి వేట ఎప్పుడు బయటికి వస్తే అప్పుడు. వెలుతురుతో ముడిపడ్డ గడియారాన్ని తిండి కోసం అటూ ఇటూ జరిపితే నిద్రా మెలకువా అన్నీ చెడతాయి. అందుకని దాన్ని దాని దారిన వుండనిచ్చి, తిండికి వేరే ముల్లు. రాత్రించర ఎలుకకి పగలు తిండి పెట్టినా, వెలుతురూ చీకటీ మామూలుగా వున్నంతకాలం, కూడలిపై గుత్తి పెద్దగా చలించదు. ఎలుక రాత్రి కూడా తిరుగుతుంది, పగలు తిండికి ముందు కూడా లేస్తుంది.

ప్రకృతిలో దీనికి నేను చదివినవాటిల్లో కెల్లా ముచ్చటైన ఉదాహరణ కుందేలు పిల్లలది. తల్లికుందేలు పిల్లల్ని బొరియలో, తన బొచ్చూ గడ్డీ కప్పి వదిలి పోతుంది. రోజుకి ఒక్కసారి వస్తుంది, మూడు నాలుగు నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. ఎక్కువసేపు వుంటే నక్కలకి జాడ తెలుస్తుంది. మరి పిల్లలు? కళ్లు ఇంకా తెరవలేదు. ఆ మూడు నిమిషాలు నిద్రలో పోతే మళ్లీ రేపటిదాకా పాలు లేవు. వాటి ఒళ్లు తల్లి రాకకి ముందే వేడెక్కుతుంది, కదలిక మొదలవుతుంది, కప్పిన బొచ్చులోంచి పైకి పాకి సిద్ధంగా వుంటాయి. పాలు తాగాక మళ్లీ లోపలికి దూరి పడుకుంటాయి. కుందేలు పిల్లకి ఈ గడియారం విలాసం కాదు, ప్రాణం.

తిండికి ముందే సిద్ధపడడంలో మరో లాభం కూడా వుంది. భోజనం ఒంటికి మేలే గాని, ఒక్కసారిగా రక్తంలోకి చక్కెరా కొవ్వూ వచ్చి పడడం శరీరానికి ఒక కుదుపు కూడా. స్టీఫెన్ వుడ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1991లో ఈ విషయం మీద ఒక వ్యాసం రాశాడు. రోజూ ఒకే వేళకి తినే జంతువు ఇన్సులిన్ మొదలైనవాటిని ముందే కాస్త సిద్ధం చేసుకుంటుంది కనుక ఆ కుదుపుని తట్టుకుంటుంది. చుట్టాలొస్తున్నట్టు ముందే కబురందిన ఇల్లాలికీ, చెప్పకుండా పదిమంది దిగబడ్డ ఇల్లాలికీ వున్న తేడా అది.

జన్యువుల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం, ఇది మరో వ్యాసానికి సరిపడే విషయం. 1971లో కొనోప్కా, బెంజర్ అనేవాళ్లు పండ్ల ఈగలో లయని మార్చే ఒక జన్యువుని పట్టుకున్నారు. అది తయారుచేసే ప్రోటీను కణంలో పోగుపడి, చివరికి తన జన్యువునే మూయిస్తుంది. ప్రోటీను కరిగిపోయాక జన్యువు మళ్లీ తెరుచుకుంటుంది. ఈ చుట్టు తిరగడానికి సుమారు ఒక రోజు. ఈ యంత్రాంగాన్ని విడమరచినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్‌లకి నోబెల్ బహుమతి వచ్చింది. మనకి ఇక్కడ ముఖ్యమైనదేమిటంటే, ఈ జన్యు గడియారం మెదడులో ఒక్కచోటే కాదు, కాలేయం, మూత్రపిండం, గుండె, దాదాపు అన్నిచోట్లా వుంది. 2000, 2001 సంవత్సరాల్లో వచ్చిన పరిశోధనలు ఒక సంగతి తేల్చాయి. ఎలుకలకీ చుంచులకీ తిండి వేళ మారిస్తే కాలేయం గడియారం తిండి వెంట పోతుంది, కూడలిపై గుత్తి మాత్రం వెలుతురు వెంటే వుంటుంది. ఒకే ఒంట్లో రెండు గడియారాలు రెండు వేళలు చూపిస్తాయన్నమాట.

అయితే ఆ తిండి గడియారం కాలేయంలోనే వుందా? లేదు. కాలేయం వెంటపోయేదే గాని నడిపించేది అని ఎవరూ రుజువు చెయ్యలేదు. కడుపునుంచి మెదడుకి పోయే వేగస్ నరం కోసినా ఎలుక వేళ పసిగట్టగలిగింది. మరి కడుపు రక్తంలోకి వదిలే గ్రెలిన్ అనే హార్మోనా? 2009లో లెసోటర్, సిల్వర్ బృందం, గ్రెలిన్ తయారుచేసే కడుపు కణాల్లోనే గడియారం జన్యువులు తిరుగుతున్నాయనీ, గ్రెలిన్‌ని అందుకోలేని చుంచుల్లో హడావిడి తగ్గుతుందనీ చూపించింది. తగ్గుతుంది, పోదు. ఈ 'తగ్గుతుంది, పోదు' అన్న మాట ఈ రంగంలో అడుగడుగునా ఎదురవుతుంది.

ఇక అసలు పోట్లాట. 2006లో హార్వర్డ్‌లో సేపర్ బృందం, హైపోథలామస్‌లోనే డోర్సోమీడియల్ అనే మరో భాగం దెబ్బతింటే హడావిడి బాగా తగ్గిపోతుందని ప్రకటించింది. అదే సంవత్సరం కెనడాలో సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో మిస్ల్‌బర్గర్ బృందం, ఆ భాగం తీసేసినా హడావిడి నిలిచే వుందని ప్రకటించింది. 2008లో సేపర్ వైపువాళ్లు మరింత గట్టి ప్రయోగంతో వచ్చారు. బీమాల్-1 అనే గడియారం జన్యువు లేని చుంచులు తిండి వేళ పసిగట్టలేవనీ, ఆ జన్యువుని ఒక్క డోర్సోమీడియల్ భాగంలో తిరిగి పెడితే పసిగట్టగలవనీ. చదివినవారంతా ఇక చిరునామా దొరికిందనుకున్నారు. 2009లో స్టార్క్, వైట్జ్ ఆ జన్యువు లేని చుంచులనే తీసుకుని, అవి కూడా వేళ పసిగడుతూనే వున్నాయని చూపించారు. ఇరుపక్షాలవారూ పత్రికల్లో ఘాటుగానే ఉత్తరాలూ ప్రత్యుత్తరాలూ రాసుకున్నారు.

ఇద్దరూ నిజాయితీగా చేసినదే అయితే తేడా ఎందుకొచ్చింది? ఒక కారణం కొలతలో వుంది. హడావిడి అంటే ఏది? పరుగుచక్రం తిరగడమా, తిండి పెట్టె దగ్గరికి పోయి మూతి పెట్టడమా, ఒంటి వేడి పెరగడమా? మూడూ ఎప్పుడూ కలిసి నడవవు. ఒకటి తగ్గినా మరొకటి నిలబడవచ్చు. పైగా బీమాల్-1 లేని చుంచులు బలహీనమైనవి, తిండి తగ్గిస్తే నీరసించి పోతాయి. నీరసించి లేవలేనిదీ, వేళ తెలియక లేవనిదీ చూసేవాడికి ఒక్కలాగే కనిపిస్తాయి. ప్రాక్టికల్స్‌లో 'కొలిచినదేమిటో ముందు రాయండి' అని లెక్చరర్లు ఎందుకు ప్రాణం తీస్తారో నాకు ఈ తగాదా చదివాకే అర్థమైంది.

2014లో గలార్డో బృందం మరో దారి చూపించింది. మెదడులో డోపమిన్ అనే రసాయనం వుంది. కావాలనుకున్నదాని కోసం కదిలించేది అదే. డోపమిన్‌ని అందుకునే డి-1 అనే గ్రాహకం లేని చుంచుల్లో హడావిడి చాలా తగ్గిపోయింది. డోపమిన్ తయారుచేయలేని చుంచులకి స్ట్రయాటమ్ అనే భాగం పైవైపున మాత్రం దాన్ని తిరిగి అందిస్తే హడావిడి ఏర్పడింది. మామూలు చుంచులకి రోజూ ఒకే వేళకి ఆ గ్రాహకాన్ని తట్టే మందు ఇస్తే, మందు వేళకి ముందే హడావిడి పడడం నేర్చుకున్నాయి. అలాగని గడియారం స్ట్రయాటమ్‌లో వుందని అనడానికి లేదు. చాలామంది ఇప్పుడు మొగ్గేది, ఇది ఒకచోట గోడకి తగిలించిన గడియారం కాదు, మెదడులో చాలాచోట్లా మెదడు బయటా వున్న చిన్న గడియారాలు కలిసి నడిపే మేళం అన్న ఆలోచనవైపు. ఒక డప్పు ఆగినా ఊరేగింపు ఆగదు. నాకు ఈ ఆలోచన నచ్చింది గాని, ఏ ప్రయోగంతోనూ ఓడించలేని ఆలోచనగా మారిపోతుందేమోనన్న భయం కూడా వుంది.

మన దేశపు మాట ఒకటి మధ్యలో చెప్పాలి. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్ బృందం గుహల్లోని గబ్బిలాల మీద పనిచేసి, వెలుతురు చొరని గుహలో బోనులో వున్న గబ్బిలం కూడా, స్వేచ్ఛగా ఎగిరిపోయి వచ్చే తోటి గబ్బిలాల సందడిని బట్టి తన గడియారం దిద్దుకుంటుందని 1981లో చూపించింది. వెలుతురూ తిండే కాదు, సహవాసం కూడా గంట కొట్టగలదన్నమాట. పరికరాల కొరత గురించి మనం వాపోయేటప్పుడు ఆ గుహని తలుచుకోవడం మంచిది.

మనుషుల దగ్గరికి వద్దాం. 2017లో ఇంగ్లండులో పదిమంది యువకులకి మూడు పూటల భోజనాలూ 5 గంటలు వెనక్కి జరిపి చూశారు. నిద్రా వెలుతురూ మార్చలేదు. మెలటోనిన్, కార్టిసాల్ అనే హార్మోన్ల లయలు కదల్లేదు, అంటే పెద్ద గడియారం కదల్లేదు. కాని రక్తంలో చక్కెర లయ 5 గంటలకి పైగా వెనక్కి జరిగింది. కొవ్వు కణజాలంలోని గడియారం జన్యువు లయ సుమారు ఒక గంట జరిగింది. ఎలుకలో చూసినది మనిషిలోనూ వుంది.

ఇది నైట్‌డ్యూటీ చేసేవారికి ముఖ్యం. ఆసుపత్రి నర్సులు, రైల్వేవారు, థర్మల్ స్టేషన్లలో షిఫ్టు పనివారు, ఇప్పుడు కంప్యూటర్ కంపెనీల్లో అమెరికా వేళకి పనిచేసే మన పూర్వవిద్యార్థులు. వీళ్లు రాత్రి రెండింటికి అన్నం తింటారు. 2021లో అమెరికాలో 19 మంది ఆరోగ్యవంతుల్ని ప్రయోగశాలలో నైట్‌డ్యూటీ లాంటి జీవితంలో పెట్టి, సగం మందికి రాత్రీ పగలూ, మిగతావారికి పగలు మాత్రమే భోజనం పెట్టారు. రాత్రి కూడా తిన్నవారి రక్తంలో చక్కెర సగటున 6.4 శాతం పెరిగింది. పగలే తిన్నవారిలో పెరగలేదు. 19 మందితో అన్నీ తేలిపోవు. కాని మధుమేహం ఇంటింటికీ వున్న మన ప్రాంతంలో ఇది కొట్టిపారేయదగ్గది కాదు. ఉదయం మెస్సుకి రాకుండా పదకొండింటికి క్యాంటీన్‌లో సమోసాతో సరిపెట్టే హాస్టలు మిత్రుల సంగతి నేను ఎత్తను.

చేసి చూడాలనిపించినవారికి ఒక సులువైన ప్రయోగం. బంగారు చేపలు కూడా తిండి వేళ పసిగడతాయని తెలిసినదే. ఒకేలాంటి రెండు తొట్లు తీసుకోండి. ఒకదానిలో చేపలకి మూడు వారాలపాటు రోజూ ఒకే వేళకి, ఒకే మూల తిండి వెయ్యండి. రెండవదానిలో రోజుకొక వేళకి వెయ్యండి. మొదటి తొట్టి తిండి వేళకి రెండు గంటల ముందునుంచి పావుగంటకోసారి, రెండు తొట్లలోనూ ఆ మూలకి ఎన్ని చేపలు చేరాయో లెక్కపెట్టి రాసుకోండి. లెక్కపెట్టే మనిషి తిండి వేసే మనిషి కాకూడదు, చేపలకి మనిషి నీడ గుర్తే. తర్వాత రెండు రోజులు రెండు తొట్లకీ తిండి ఆపి లెక్క కొనసాగించండి. అసలు విషయం ఆ రెండు రోజుల కాగితంలోనే వుంటుంది. రెండవ తొట్టి లేకపోతే మొదటి తొట్టి లెక్కకి విలువ లేదు.

నల్లకుక్క సంగతి చెప్పలేదు కదూ. దసరా సెలవులకి మెస్సు మూసేసిన మొదటిరోజు, పొయ్యి వెలగలేదు, పోపు వాసన లేదు, గంట కొట్టేవాడు వూరికి పోయాడు. నేను మేడమీది కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. పన్నెండూ పదికి వచ్చింది. తొట్టి దగ్గర వాసన చూసి గోడ నీడన కూర్చుంది. ఒంటిగంట దాటాక లేచి వెళ్లిపోయింది. కాకులు మాత్రం రాలేదు. మర్నాడు పొద్దున్న బస్సుకి నేనూ వూరెళ్లిపోయాను కనుక, రెండోరోజు లెక్క నా దగ్గర లేదు.